జెల్లల చోటు

"నానమ్మా, జెల్ల చేపలు గుంపుగా చేరే చోటు ఇంకోటి, తాత పోయేముందు నీకు చెప్పాడంట కదా. ఎక్కడే అది?"

ఎవరడగమన్నారే నిన్ను? మీ నాన్నేనా? నవ్వకు. ఆడికి నా మొహం చూసి అడిగే దమ్ము లేక పిల్లదాన్ని పంపాడు. కూర్చో. కూర్చోమంటున్నానా!

జెల్లంటే ఏవనుకున్నావు? పొలుసుండదు, మీసాలుంటాయి, ముల్లు గుచ్చుకుంటే చెయ్యి వాచిపోద్ది, అంతేగా మీకు తెలిసింది. ఆడది గుడ్లు పెట్టి దాని దారిన అది పోద్ది. ఆ గుడ్లన్నీ మగది నోట్లో పెట్టుకుంటది. రేగ్గాయంతుంటది ఒక్కోటి. నెల... కాదు, రెండు నెల్లనేవోడు మీ తాత. పిల్లలయ్యేదాకా మేత ముట్టదంట. నోటినిండా అయ్యే ఉంటే ఏం తింటది? పొట్ట వీపుకంటుకుపోద్ది. పెళ్లైన కొత్తలో నేను చూసి, ఎవరి గుడ్లో మింగేసిందయ్యా ఈ దొంగది అన్నాను. ఎంత కేకలేశాడో నా మీద!

అప్పట్లో గంపెత్తుకుని చల్లపల్లి పోతే జెల్లలకి డబ్బులు కాదు, బియ్యం కొలిచేవోళ్లు... అది సరే. వల్లో జెల్ల పడితే మీ తాత గొంతు కింద వేలు పెట్టి తడిమేవోడు. గుడ్లు తగిలాయా, మెల్లిగా నీళ్లలోకి జార్చేవోడు. కిష్ణ సముద్రంలో కలిసే కాడ అయ్యి చేరే చోట్లు రెండున్నాయి. గుడ్ల రోజుల్లో అటేపు పడవే పోనిచ్చేవోడు కాదు.

మొన్న నా నోరు ఊరుకుందా? మీ తాత గొప్ప చెప్పుకుంటా ఒక చోటు మీ నాన్న దగ్గర వాగేశాను. తెల్లారి, గుంపు మొత్తాన్ని చుట్టేసి లాగే రింగు వలేసుకుని పోయాడు ఎదవ. ఒడ్డుకొచ్చాక చూద్దును గదా, పడవంతా గుడ్లే. భయానికి కక్కేసినయ్యి. వాటిని తొక్కుకుంటా అటూ ఇటూ తిరుగుతా ఫోన్లో రేటు మాట్లాడతన్నాడు. ఒళ్లు మండిపోయింది నాకు. ఆడి మీద ఎంత కోపమో, నా మీద నాకు అంతకు రెట్టింపు. పైగా గిన్నెడు కూర పంపాడు, తినమ్మా అని! కుక్కక్కూడా పెట్టలా. గొయ్యి తీసి పూడ్చిపెట్టా.

ఇప్పుడు రెండోది కావాలంటనా? ఉన్న నాలుగు జెల్లలూ ఊడ్చేస్తే రేపు నీ పిల్లలకి బొమ్మలో చూపిస్తాడా?

మా అమ్మకి మతి పోయిందని ఊరంతా చెప్తన్నాడుగా. మంచిదే. నానమ్మకి గుర్తు లేదంట అని చెప్పు. గుర్తుందే, అక్కడ నీళ్లెంత లోతో కూడా గుర్తుంది. లేదని చెప్పు. ఆ అబద్ధం పాపం నాకు తగల్నీ. నువ్వు చల్లగుండు తల్లీ... పో.