గార్లండ్ ప్రూయిట్ ట్రక్కు తాళాలు రెండుసార్లు తీసుకున్న సంగతి

నా పేరు ఆర్డిస్ లుండీన్. వయసు అరవై ఏడు. నార్త్ డకోటాలో స్కూలు బస్సు నడిపి రిటైరయ్యాను. భర్తతో విడాకులై చాలా కాలమైంది. ఆయనకూ ఈ కేసుకూ సంబంధం లేదు. చలికాలమంతా అరిజోనా ఎడారిలోని ఈ మెస్కీట్ వెల్స్ ట్రైలర్ పార్కులోనే ఉంటాను. పార్కు బాగోగులు చూసుకుంటాను కాబట్టి నా ట్రైలరుకు అద్దె లేదు. ఈ వాంగ్మూలం పార్కు ఆఫీసు గదిలో, షెరీఫు డెప్యూటీ ఇసాగిర్రే గారు అడగగా చెబుతున్నాను. ఫిర్యాదు చేసిన గార్లండ్ ప్రూయిట్ ఎదురు కుర్చీలో చేతులు కట్టుకుని కూర్చున్నాడు. నన్ను ఎవరూ బెదిరించలేదు. కాఫీ నేనే కాచి ఇద్దరికీ పోశాను.

ఈ రోజు ఉదయం గార్లండ్ ట్రక్కు తాళాలు తీసుకున్నది నేనే. దొంగతనం అంటే అవును, దొంగతనమే. ఎందుకు తీశానో కూడా చెబుతాను, అదీ రాసుకోండి.

గార్లండ్ ఓక్లహోమా మనిషి, వయసు డెబ్బై నాలుగు. అతనిది ఫిఫ్త్ వీల్ ట్రైలరు. అది ట్రక్కు తోక పట్టుకుని వచ్చే రకం కాదు. దాని మూతి ట్రక్కు తొట్టి మీదికి వచ్చి, అక్కడ బిగించిన ఇనుప పళ్ళెం మీద కూర్చుంటుంది. మూతి కింద లావుపాటి మేకు ఉంటుంది. పళ్ళెంలోని దవడలు ఆ మేకును కరిచి పట్టుకోవాలి. కరిచాయా, ఇల్లంతా వెంట వస్తుంది. కరవలేదా, మూతి ఊడి తొట్టి మీద పడుతుంది. అలా పడ్డ ట్రక్కును నేను ఒకసారి కొండదారిలో చూశాను. రేకు డబ్బా మీద ఏనుగు కూర్చున్నట్టు ఉంది. వెనక వస్తున్న కారులో వాళ్ళ గురించి చెప్పను.

గార్లండూ అతని భార్య నోలా ఏటా ఏప్రిల్‌లో ఇక్కడి నుంచి బయలుదేరి ఐడహో వెళ్ళేవారు. నోలా పోయిన నవంబరులో చనిపోయింది. వంట బాగా చేసేది, పేకాటలో మోసం బాగా చేసేది. నాకు ఆమె అంటే ప్రాణం. ఈ ఏడు అతను ఒక్కడే బయలుదేరాడు.

ఉదయం ఏడింటికి అతను ట్రక్కును వెనక్కి తీస్తుంటే నేను రోడ్డుకు ఇవతల నిలబడి చూస్తున్నాను. పలకరించలేదు. ట్రైలరు తగిలిస్తున్న మనిషితో ఎవరూ మాట్లాడకూడదు, ధ్యాస చెదిరితే ఒక పని మరిచిపోతారు. మా దగ్గర చావు కబురైనా తగిలించడం అయ్యాకే చెబుతారు. అందుకని నోరు కట్టుకుని నిలబడ్డాను.

గార్లండ్ పనిలో వంక పెట్టడానికి లేదు. గీత గీసినట్టు వెనక్కి వచ్చాడు. టక్కుమని చప్పుడైంది. దిగి కరెంటు వైరు కలిపాడు, ట్రైలరు ఊడితే దానంతట అదే బ్రేకు వేసే తీగ తగిలించాడు, తొట్టి తలుపు వేశాడు. ఆ తరువాత ఒక్క క్షణం ఊరికే నిలబడి వెనక్కి చూశాడు. అక్కడ ఎవరూ లేరు. ట్రైలరును నిలబెట్టే ముందుకాళ్ళు పూర్తిగా పైకి ఎత్తేశాడు, చక్రాల కింది దిమ్మలు తీసి పెట్టెలో పెట్టాడు.

కాళ్ళు ఎత్తడానికి ముందు చేయాల్సింది ఒకటుంది. ఒకరు టార్చి పట్టుకుని వంగి దవడలు చూడాలి. తరువాత కాళ్ళు నేలకు ఆనీ ఆననట్టు ఉండగా, దిమ్మలు ఉండగానే, ట్రైలరు బ్రేకు నొక్కి ట్రక్కును మెల్లగా ముందుకు లాగించాలి. ట్రక్కు కదలకపోతే పట్టు సరిగా ఉన్నట్టు. ఆ వంగడం, లాగమని చెప్పడం నోలా వంతు. తగిలించేవాడు ఒకరు, చూసేవారు ఒకరు. ఈ దారుల్లో తిరిగే దంపతులు పని అలాగే పంచుకుంటారు. గార్లండ్ జీవితంలో ఆ సగం చేయలేదు. అందుకే ఈ ఉదయం తన సగం తప్పు లేకుండా చేసి, మొత్తం అయిపోయిందనుకున్నాడు.

అప్పుడు దగ్గరికి వెళ్ళి వంగి చూశాను. మేకు దవడల మధ్యకు దిగలేదు, వాటి నెత్తినెక్కి కూర్చుంది. సందులోంచి అవతలి కొండ కనిపిస్తోంది.

"గార్లండ్, దవడలు పట్టుకోలేదయ్యా. ఓసారి వంగి చూడు," అన్నాను.

"పట్టుకున్నాయి. చప్పుడు విన్నా."

"చప్పుడు నేనూ విన్నా. సందు కూడా చూశా. చెయ్యి పడుతుంది అందులో."

"నువ్వు బస్సు తోలినదానివి ఆర్డిస్. పిల్లల్ని ఎక్కించుకోపో. ఇన్నేళ్ళుగా తగిలిస్తున్నా, ఒక్కనాడైనా ఊడిందా?"

"ఊడలేదు. నోలా ఉంది కనక ఊడలేదు."

ఆ మాట అనకుండా ఉండాల్సింది. అతని మొహం నల్లబడింది. కాఫీ ఫ్లాస్కు కోసం ట్రైలర్లోకి వెళ్ళాడు. మొండివాడు రాజుకన్నా బలవంతుడు కదా, ఇక వాదించి లాభం లేదనుకున్నాను. ట్రక్కు తలుపు తీసి తాళాలు లాక్కున్నాను.

"నా తాళాలేవి?" అన్నాడు వచ్చి.

"నా జేబులో."

"ఏ జేబులో?"

"ఏదైతే నీకెందుకు? వెతుకుతావా ఏం?"

"షెరీఫుకి ఫోన్ చేస్తా, ఆర్డిస్. నిజంగా చేస్తా."

"చెయ్యి. నంబరు ఆఫీసు తలుపు మీదుంది. కళ్ళజోడు పెట్టుకుని చూడు, పోయినసారి పిజ్జా వాళ్ళకి చేశావు."

నిజంగానే చేశాడు. డెప్యూటీ గారు తొమ్మిది దాటాక వచ్చారు. టార్చి వేసి సందులోకి చూసి, "సార్, మీరొకసారి చూస్తే మంచిది," అన్నారు. మూడేళ్ళ నాటి మోకాలి నొప్పితో గార్లండ్ వంగాడు. చాలాసేపు లేవలేదు. లేచాక తొట్టి అంచు పట్టుకుని, "ఇది నోలా చూసేది," అన్నాడు.

తాళాలు ఇచ్చేశాను. మళ్ళీ మొదటి నుంచి చేశాం. దిమ్మలు పెట్టాం. కాళ్ళు దించి, ట్రైలరు మూతి లేపి, ట్రక్కును బయటికి తీశాడు. మూతి ఎత్తు ఎక్కువైనందుకే మేకు నెత్తికెక్కింది కాబట్టి ఈసారి పళ్ళెం కంటే కాస్త కిందికి దించాం. ట్రక్కు వెనక్కి వస్తూ దాన్ని కొద్దిగా ఎత్తుకుంటూ దూరింది. నేను టార్చితో వంగాను. దవడలు మేకు చుట్టూ మూసుకున్నాయి, సందు లేదు. దవడలు తెరుచుకోకుండా పిడికి చీల పెట్టాను. "లాగు!" అని అరిచాను. ట్రక్కు ముక్కింది, కదలలేదు. డెప్యూటీ గారు చప్పట్లు కొట్టారు, అది కూడా రాయమంటే నవ్వారు.

అప్పుడు నేను ఇంజను ఆపమని చెప్పి తాళాలు మళ్ళీ తీసుకున్నాను. ఇది రెండోసారి. "మేడం, మొదటిసారికి కారణముంది. ఇప్పుడెందుకు?" అని డెప్యూటీ గారు ఇదే గదిలో నన్ను అడిగారు.

దానికి నా జవాబు. అతను ఐడహో వెళ్ళే దారిలో నెవాడాలో చెరువు దగ్గర ఆగి చేపలు పడతాడు. అక్కడ ట్రైలరు విప్పుతాడు. మళ్ళీ తగిలించేటప్పుడు ఎవరు వంగి చూస్తారు? మోకాలు బాగున్న రోజు చూస్తాడు, బాగాలేని రోజు చప్పుడు విని సరిపెట్టుకుంటాడు. అతను ఒంటరిగా వెళ్ళడం నాకు ఇష్టం లేదు. నన్ను కూడా తీసుకుపొమ్మని అడగాలని జనవరి నుంచీ అనుకుంటున్నాను. నోలా పోయి ఇంకా ఎంతో కాలం కాలేదని నోరు పెగల్లేదు. నాకు గార్లండ్ అంటే ఇష్టం. ఈ సంగతి అతనికి చెప్పలేదు, ముందుగా పోలీసులకే చెబుతున్నాను. రాసుకోండి.

డెప్యూటీ గారు కలం ఆపి, "మేడం, ఈ ముక్క కేసుకి అవసరం లేదు. కావాలంటే కొట్టేస్తాను," అన్నారు.

గార్లండ్ కట్టుకున్న చేతులు విప్పి, "కొట్టేయకండి సార్," అన్నాడు. "అలాగే ఉండనీండి. ఫిర్యాదు కొట్టేయండి."

"మరి తాళాలు? ఆవిడ దగ్గర తీసుకుని మీకివ్వాలి గదా," అన్నారు డెప్యూటీ గారు.

"ఆవిడ దగ్గరే ఉండనీండి. ఆర్డిస్, సామాను త్వరగా సర్దుకో, ఎండెక్కుతోంది."

పైన రాసినదంతా నాకు చదివి వినిపించారు. నేను చూసినదీ చేసినదీ చెప్పాను, కల్పించింది ఏదీ లేదు. నా ఇష్టంతోనే సంతకం పెడుతున్నాను.

(సం.) ఆర్డిస్ లుండీన్

సాక్షి: (సం.) గార్లండ్ ప్రూయిట్

నా ఎదుట నమోదైనది: (సం.) డెప్యూటీ ఇసాగిర్రే