రేవుకోట దొరసాని సవతి

గౌరమ్మ దొరసానికి ఏటి మీద కుళ్లు. నవ్వకండి, నిజంగా ఏటి మీదే. రేవుకోట అని ఓ సంస్థానం ఉండేదంట. సంస్థానమంటే పెద్ద రాజ్యం అనుకునేరు, కాదు. కొండకీ ఏటికీ మధ్య ఇరుక్కున్న రాజధాని, చుట్టూ నాలుగు పల్లెలు, వాటికో దొర, అంతే. కోట వంటింట్లో పోపు వేస్తే రేవులో పడవవాళ్లు తుమ్మేవాళ్లంట, ఇక ఎంత రాజధానో మీరే అనుకోండి! ఆ దొర జగ్గరాజు పొద్దు వాలితే చాలు, ఏటిగుమ్మం దాటి మెట్ల మీద కూర్చుని, నీళ్లలో కాళ్లు పెట్టి, ఆ రోజు విన్న తగవులన్నీ ఏటితో చెప్పుకునేవాడంట. ఏటికి చెప్పకుండా తీర్పు ఇవ్వడం వాళ్ల వంశంలోనే లేదు. ఏమైందంటే, కొత్తగా కాపురానికొచ్చిన దొరసాని అన్నం చల్లారేదాకా ఎదురుచూసి, నాతో ఒక్క మాటైనా చెప్పరేమండీ అంటే, 'చెప్పేసొచ్చాగా' అనేవాడంట. చూడండి మరి! పైగా బట్టలుతికే సూరమ్మొకతి, 'దొరసానిగారూ, దొరగారు అక్కగారి దగ్గరున్నారు, కబురు పెట్టమంటారా?' అని కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేది. అక్కగారంటే ఎవరు? ఏరు. అర్థమైందిగా?

అలా ఉండగా ఆమెకి నెల తప్పింది. కడుపుతో ఉన్న మనిషి కోరింది కాదనకూడదు, దాన్ని వేవిళ్ల కోరిక అంటారు. ఎవరైనా మామిడికాయ అడుగుతారు. ఈమె ఏటిగుమ్మం మూయించమందంట! 'జున్ను అడగవే, పనసతొనలు అడగవే' అని దొర బతిమాలాడు. 'నాకు గోడే కావాలి' అంది. ఏం చేస్తాడు, ఇటుకా మట్టీ పెట్టి కట్టించాడు. ఇక సాయంత్రాలు ఇంట్లోనే ఉండేవాడు, ఉండేవాడు గానీ ఆ గోడకేసే చూస్తూ ఉండేవాడంట. మరి ఆమె కుళ్లు తగ్గుతుందా, పెరుగుతుందా? పెరిగింది.

నెలలు నిండాయి, వానలు పట్టాయి. ఊరి వాలు ఏటివైపుకి కదా, కొండ మీది నీళ్లన్నీ ఆ గుమ్మంలోంచే పోవాలి. ఇప్పుడు అక్కడ గోడ! కోటలో నీళ్లు మోకాళ్లు దాటాయి, అప్పుడే నొప్పులూ వచ్చాయి. మంత్రసాని పోలమ్మది అవతలి ఒడ్డు. కొండవైపు వాకిలికి పోదామంటే దారంతా వరదాయె, పడవలో వచ్చి గోడ బయట నిలబడి, 'ఎటు రావాలయ్యా?' అని ఒకటే కేకలు. గోడ కొట్టించండి అంది దొరసాని. 'వద్దే, తీరిన కోరిక వెనక్కి తీసుకుంటే బిడ్డకి కీడంట' అని దొర కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. 'కోరింది నేను, మీరు కాదు! పోలమ్మా, పడవ పక్కకి తియ్యి!' అని గడ్డపార లాక్కుని, నీళ్లలో దిగి ఒక్క పోటు పొడిచిందంట. మట్టి బాగా నాని ఉందేమో, గోడ కూలి నీళ్లు ఏట్లోకి ఉరికాయి. దొర నడుం పట్టుకుని ఆపాడు గానీ, లేకపోతే ఆమె కూడా అక్కగారింటికే పోయేది!

ఆడపిల్ల పుట్టింది. ఊరంతా ఏటి పేరు పెట్టమంటే, 'చస్తే పెట్టను' అంది. కుళ్లు పోయిందనుకున్నారా? రోజూ చంటిదాన్ని ఒళ్లో వేసుకుని దొరకంటే కింది మెట్టు మీద, నీళ్లకి అడ్డంగా కూర్చునేదంట. ఆయన ఏటితో ఏం చెప్పినా ముందు ఈమె చెవిన పడాలి. 'అదేం న్యాయమండీ, ఆ రైతు మాట కూడా వినండి' అని మధ్యలో ఈమె అందుకునేది. అప్పట్నుంచే రేవుకోట తీర్పంటే తీర్పు అని పేరొచ్చిందంట. ఆ పేరు ఏటి వల్ల వచ్చిందో ఈమె వల్ల వచ్చిందో, దొరసాని బతికున్నన్నాళ్లూ అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయిందిలెండి.