టైరు వెనక కాఫీ కప్పు

ఆగిపోయిందా? పోనీలే యెసెనియా, చేతి బ్రేకు లాగి ఉంచు. వెనకవాడు హారన్ కొడితే కొట్టనీ. ఈ గుడి ఎత్తు మీదే మా రూబియెలా వదిన నెగ్గింది, తెలుసా. మా అన్న ఎలియేసర్‌కి కాఫీ తోటలకి తిరిగే జీపుండేది. దిగుడు వస్తే చాలు, పెట్రోలు కలిసొస్తుందని గేరు తీసేసి న్యూట్రల్లో వదిలేసేవాడు. ఈ కొండల్లో మగాళ్ళందరికీ ఉన్న జబ్బే అది. ఓ రోజు బ్రేకులు కాగిపోయి, మలుపు దగ్గర లోయలో పడ్డాడు. జీపు బాగైంది, ఆయన కాలు బాగవలేదు. ఆ కాలికి మా అమ్మ ఎన్ని పసర్లు కట్టిందో... ఏం చెబుతున్నాను? ఆ, వదిన. పొయ్యి వెలగాలంటే జీపు తిరగాలి కదా. చౌక్‌లో మనుషుల్ని ఎక్కించుకునే జీపుల వరసలో అన్న చోటుకెళ్ళి నిలబడింది. “అరటిగెలలైతే ఎక్కుతాయమ్మా, మనుషులెవరెక్కుతారు నీ బండి?” అని ఒకటే నవ్వులు. జీపులవాళ్ళ పెద్దాయన హిల్దార్దోగారు మాత్రం నవ్వలేదు. జీపు నిండా అరటిగెలలు వేయించి, ఈ ఎత్తు మధ్యలో ఆపించి, తాగుతున్న కాఫీ కప్పు వెనక టైరుకి ఆనించి పెట్టాడు. “పగిలిందా, ఎలియేసర్ చోటు మాది. పగల్లేదా, నీది” అన్నాడు.

ఆ జీపుకి చేతి బ్రేకు పనిచేయదు. వదిన చెప్పులు విడిచేసింది. చెప్పులుంటే పెడలు మాట వినపడదనేది. క్లచ్చు నొక్కితే ఇంజను దారి ఇంజనుది, చక్రాల దారి చక్రాలది, అప్పుడే గేరు వెయ్యాలి. ఫస్టుకి పరుగు తక్కువ, బలమెక్కువ, ఎత్తుకి అదే. ఇక వదలడం ఉంది చూడూ, నువ్వు ఇందాక దబుక్కున వదిలేశావు. వదిన అలా కాదు, నిద్రపోయిన పసిబిడ్డ కింద నుంచి చెయ్యి తీసుకున్నట్టు తీసేది. సగంలో ఎక్కడో ఇంజను చక్రాల్ని పట్టుకుంటుంది. బండి ముక్కు లేస్తుంది, ఒళ్ళు వణుకుతుంది. వదిన పాదం అక్కడ ఆగింది. కుడికాలు బ్రేకు మీంచి తీసింది. జీపు వెనక్కి జరగలేదు. యాక్సిలేటరు మెల్లగా తొక్కి, గుడి దాకా ఎక్కించేసింది. హిల్దార్దో వంగి కప్పు తీసి ఓ గుక్క తాగాడు. “చల్లారిపోయింది” అని విసుక్కుని, “రేపు నా వెనకాల నిలబడు” అన్నాడు.

దిగేటప్పుడు మాత్రం ఎక్కిన గేరులోనే దిగేది. “దేవతమ్మ ఊరేగింపు” అని వెనక జీపులవాళ్ళు వెక్కిరించేవాళ్ళు. వెక్కిరించనీ, ఎవరినీ లోయలో పడెయ్యలేదు. చివర్లో మంచాన పడ్డాక ఎడమపాదం మెల్లిమెల్లిగా పైకి లేపుతుంటే, తిమ్మిరేమో అనుకుని నొక్కబోయాను. “ఉండవే, పట్టుకుంటోంది” అంది.

...చెప్పులు తీసెయ్ తల్లీ.