మామగారి పటం

అది కాదు మేనేజరు గారూ, ఆ గోడ మీద పటంలో మనిషెవరు? మామగారా? ఎవరికండీ మామగారు? ఆ సీరియల్లో మామగారిని నేను. ఈ ముక్కు చూడండి. ఆయనది కూడా ఒక ముక్కేనా?

మెల్లగా మాట్లాడాలా? సరే. మా వియ్యంకుడు చేతులు కడుక్కోవడానికి వెళ్ళాడు. ఆయన తిరిగొచ్చేలోపు ఆ పటం కిందికి దిగాలి. నేనడిగేది అదొక్కటే.

మీ హోటల్‌కి వంక పెట్టడం లేదు. సీరియల్లో భోజనాల గదిని ఉన్నదున్నట్టు కట్టారు. అవే మెట్లు, అవే కర్టెన్లు. వడ్డించేవాళ్ళకి కోడళ్ళ వేషాలు. సూపు ఏదమ్మా అంటే, 'విరామం తర్వాత' అంటున్నారు. పెద్ద కోడలు ఏడ్చిన కుర్చీలో కూర్చోవడానికి టూరిస్టులు వరస కట్టారు. బారులో విస్కీకి చిన్న కోడలి పేరు పెట్టారు, అదీ న్యాయమే, మొదటి గుక్కలోనే గొంతు మండించింది. అన్నీ కుదిరాయి. పటమే కుదరలేదు.

మీరు అప్పటికి చిన్నపిల్లాడై ఉంటారు. మూడో ఎపిసోడ్లో, ఇదిగో ఈ బల్ల దగ్గరే పోయాను. అలా ఇలా పోవడం కాదు. కెమెరామన్ కళ్ళు తుడుచుకుంటూ కెమెరా ఆపేస్తే మళ్ళీ పోవాల్సొచ్చింది. మొత్తం ఏడుసార్లు పోయాను, ఒకదాన్ని మించి ఒకటి. గ్లిజరిన్ సీసా మూత తీసినవాడు లేడు. లైట్ల మనిషి అప్పటికప్పుడు వాళ్ళ నాన్నకి ఫోన్ చేశాడు, ఒంట్లో బాగుందా అని.

తర్వాత పదకొండేళ్ళు గోడ మీద ఉన్నాను, కింద చిన్న బల్బుతో. ఏడవాలన్నా కోడళ్ళు నా దగ్గరికే, కుట్ర పన్నాలన్నా నా ఎదురుగానే. నోరు విప్పకుండా అన్నేళ్ళు కథ నడిపిన నటుడు ఇంకొకడుంటే చూపించండి. సంబంధం కుదిరిన రోజే ఇదంతా వియ్యంకుడికి చెప్పాను. ఆయన టీవీ చూడడు. నేనెంతంటే అంత. ఇవాళ ఇక్కడికి లాక్కొచ్చిందీ నేనే. పోస్టరు చూసి, మన గది కట్టారు పదండి అన్నాను. బుద్ధి తక్కువై.

ఇదిగో, సంచిలో నా ఫోటో ఉంది. అరగంట దాన్ని తగిలించండి చాలు. ఏం, మరలు బిగించేశారా? ఇంత హోటల్లో ఒక స్క్రూడ్రైవరు లేదా?

ఏమిటీ, సీరియల్ వాళ్ళే పంపారా? ఆఖరి ఎపిసోడ్ దాకా గోడ మీదున్న పటం అదేనా?

కాస్త ఇలా కూర్చోండి.

మీ తప్పేం లేదు. పటం సరైనదే.

రెండో ఏడు, పిలవకుండా షూటింగుకి వెళ్ళాను. నా కోసం ఎలా ఏడుస్తారో చూద్దామని. ఇస్త్రీ చొక్కా వేసుకుని కెమెరా వెనక నిలబడ్డాను. పెద్ద కోడలు పటాన్ని చూసింది, నన్ను చూసింది, ఫక్కున నవ్వింది. ఇక ఏడుపు రాలేదు. మర్నాడూ రాలేదు. పటం వంక చూస్తే చాలు, నవ్వే. వారం తిరక్కుండా ఈయన్ని ఎక్కించారు. ఈయన సెట్టు వేసే వడ్రంగిట. మామగారి మొహం మారిందేమిటని ఒక్కడంటే ఒక్కడు అడగలేదు.

మా ఆవిడా అడగలేదు. రోజూ నా పక్కనే కూర్చుని చూసేది. ఒక్కసారి అడిగుంటే నా గొప్పలు అక్కడితో ఆగేవి.

అదిగో, వస్తున్నాడు. పటం దగ్గర ఆగాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్నాడు. అయిపోయింది నా పని.

రండి బావగారూ. ఆ? అప్పట్లో కాస్త సన్నగా ఉండేవాణ్ణా?

ఆరేళ్ళుగా ఎదురెదురుగా కూర్చుని భోంచేస్తున్నాం, మేనేజరు గారూ. ఆరేళ్ళుగా.

అవును బావగారూ, సన్నగానే ఉండేవాణ్ణి. ఫోటోనా? పటం కింద నిలబడాలా? సరే, మీరూ రండి.

తీయండి మేనేజరు గారూ. ముగ్గురం పడేట్టు తీయండి.