ఉస్మాన్‌గంజ్‌లో ఫిడేలు

పందొమ్మిది వందల అరవై నాలుగు. నాంపల్లి స్టేషను వెనక సందు, బాలకిషన్ గారింట్లో రెండు గదుల వాటా. శనివారం మధ్యాహ్నం మూడు దాటింది. బెజవాడ నుంచి వచ్చిన పెద్దాయన, ఫిడేలు విద్వాంసులు రాధాకృష్ణమూర్తి గారు, ఇంటాయనతో కలిసి బయటికి వెళ్ళారు. కామాక్షి, ఆమె భర్త అమరేశ్వరరావు ముందు గదిలో ఉన్నారు. ఇద్దరి మధ్యా, దుప్పటి కప్పుకుని, మనిషెత్తు ఫిడేలులాంటి డబుల్ బేస్ ఒకటి గోడకి జారబడి ఉంది. దాని మెడ మీద తడి కండువా ఆరుతోంది.

"తియ్యనంటే తియ్యను. ఆరేసింది మీ నాన్నగారు. తీసుకునేదీ ఆయనే."

"తడిగుడ్డ కామాక్షీ. కింద చెక్క ఉబ్బిపోతుంది."

"అయితే ఆ మాట ఆయనతోనే చెప్పండి. నాన్నగారూ, ఇది బట్టలారేసుకునే కొయ్య కాదు, నా వాయిద్యం అనండి. పది రోజులుగా పెగలని నోరు ఇవాళైనా పెగుల్తుందేమో."

"చెబుతాను. సమయం చూసి చెబుతాను."

"రేపేగా కచేరీ. కళ్ళు చూపించుకోడానికని వచ్చిన మనిషి, సభవాళ్ళు అడిగీ అడగ్గానే ఒప్పుకున్నారు. పక్కన మావాడు కూర్చుంటాడని మాట కూడా ఇచ్చేశారు. ఇంకే సమయం చూస్తారు? వేదికెక్కి కూర్చుని, నీ ఫిడేలేదిరా అని అడిగినప్పుడా?"

"మెల్లిగా మాట్లాడు. సందులోకి వినిపిస్తుంది."

"వినిపించనివ్వండి. అసలు దీన్ని ఇంటివాళ్ళ సామానని ఎందుకన్నారు? మెడ ఉన్న సామాను ఎక్కడైనా చూశారా?"

"గుమ్మంలో అడుగు పెడుతూనే ఏవిట్రా అదన్నారు. నోటికొచ్చింది అనేశాను. నువ్వూ పక్కనే ఉన్నావుగా, నువ్వేదైనా అనాల్సింది."

"అన్నానుగా. అద్దె కట్టకుండా ముందు గదిలో మకాం పెట్టిన చుట్టం అని. ఆయన నవ్వారు. మీరే నవ్వలేదు. అదలా ఉంచండి. ఫిడేలేదిరా అంటే రిపేరుకిచ్చానని ఊరుకున్నా పోయేది. ఎక్కడ అంటే ఉస్మాన్‌గంజ్ అన్నారు."

"ఆ క్షణాన ఆ పేరే తట్టింది."

"అక్కడ బెల్లం, మిరపకాయలు బస్తాల్లెక్కన అమ్ముతారు. ఫిడేళ్ళు బాగుచేసేవాడు ఏ బస్తా మీద కూర్చున్నాడు?"

"బెజవాడ మనిషికి ఉస్మాన్‌గంజ్ సంగతి ఏం తెలుసు?"

"బాలకిషన్ గారికి తెలుసు. ఆయన పుట్టి పెరిగిందే అక్కడ. రోజూ సాయంత్రం మీ నాన్నగారితో షికారు వెళ్ళేది ఎవరనుకుంటున్నారు?"

"ఆ సంగతి ఆలోచించలేదు."

"ఏ సంగతి ఆలోచించారు కనక? ఆయన చేత్తో ఇచ్చిన ఫిడేలు ఎవరికో ఇచ్చేసి ఈ ఏనుగుని తెచ్చుకున్నారు. అప్పుడైనా ఒక్కసారి ఆయన మొహం గుర్తొచ్చిందా?"

"వచ్చింది. రాకేం? దీని సొంతదారు డగ్లస్ బొంబాయి వెళ్ళిపోతున్నాడు. ఇంతదాన్ని రైల్లో తీసుకెళ్ళలేనన్నాడు. కూతురికి ఫిడేలు కావాలన్నాడు. నాకేమో ఇది కావాలి. అంతకు ముందు రెండేళ్ళలో నేను ఫిడేలు పెట్టె తెరిచానా? నువ్వే చెప్పు."

"రెండు మూడుసార్లు తెరిచారు. పన్ను పీకించుకోబోయేవాడి మొహం పెట్టుకుని."

"మరి దీని దగ్గర?"

"దీని దగ్గర మొహం బాగానే ఉంటుంది. నా ఏడుపు అదే. వారానికి రెండు సాయంత్రాలు దీన్ని రిక్షా ఎక్కించి, పక్కన మీరు నడుచుకుంటూ ఆబిడ్స్ దాకా ఊరేగింపు. అక్కడ హోటల్లో గంటసేపు నిలబడి ధుం, ధుం, ధుం, ధుం. నాలుగే నాలుగు స్వరాలు. నా రుబ్బురోలు అంతకంటే రకరకాలుగా పలుకుతుంది."

"డాన్సాడేవాళ్ళ కాళ్ళకి అంతే కావాలి. మొదట్లో మేం అయిదుగురం ఉండేవాళ్ళం. తినేవాళ్ళకి మాటలు వినిపించట్లేదని హోటలాయన సాక్సఫోన్ మాన్పించాడు. పియానో తీయించి రెండు బల్లలు వేయించాడు. ఇప్పుడు గిటారు, డ్రమ్ము, నేను. గిటారు అబ్బాయి కూడా రెండు తీగలే ముట్టుకుంటాడు. విచిత్రమేమిటంటే, మేం తగ్గిన కొద్దీ లేచి ఆడేవాళ్ళు ఎక్కువవుతున్నారు."

"మీ ముగ్గురూ కూడా మానేస్తే ఊరు ఊరంతా వచ్చి ఆడుతుంది."

"వెక్కిరించు."

"వెక్కిరింపు కాదు. ఆ డ్రమ్ము అబ్బాయి దాన్ని చీపురుతో ఊడుస్తాడని మీరేగా చెప్పారు."

"చీపురు కాదు. తీగల కుంచె."

"ఏదైతేనేం. నేనూ రెండు పూటలా ఊడుస్తున్నాను. ఒక్కరు లేచి ఆడిన పాపాన పోలేదు."

"కామాక్షీ, నీకు నవ్వులాటగా ఉంది. లక్ష్మణరావు బాబాయి నాటకాల వాళ్ళకి హార్మోనియం వాయించాడని పన్నెండేళ్ళు ఆయన పేరెత్తలేదు నాన్నగారు. సొంత తమ్ముడు. పెళ్ళికి పిలిస్తే వెళ్ళలేదు, జబ్బు చేస్తే చూడలేదు. నేను హోటల్లో, భోంచేసేవాళ్ళ ఎదురుగా, మొగాళ్ళూ ఆడవాళ్ళూ చేతులు పట్టుకుని ఆడుతుంటే వాయిస్తున్నానని తెలిస్తే ఏం చేస్తారు? బెజవాడలో నాకు గుమ్మం ఉంటుందా?"

"తెలియకుండా ఎన్నాళ్ళు దాస్తారు? రేపు సాయంత్రం ఆరింటికి ఎలాగూ తెలుస్తుంది. అదేదో ఇవాళ మీ నోటితో తెలియనివ్వండి. మీరు చెప్పకపోతే నేను చెబుతాను."

"వద్దు. ఇవాళ రాత్రి హోటలు నుంచి రాగానే నేనే చెబుతాను."

"అంటే రేపు పొద్దున."

అప్పుడే ఇంటావిడ విద్యావతి చేతిలో ఖాళీ గ్లాసుతో గుమ్మంలోకి వచ్చింది.

"ఏంది కామాక్షమ్మా, మొగుడూ పెళ్ళాం కొట్లాడుకుంటున్నరా? జర చక్కెర ఉంటే ఇయ్యి. మాయన, మీ మామగారు ఇంకా రాలే?"

"రాలేదండీ. ఎటు వెళ్ళారో తెలుసా?"

"ముందుగాల ఉస్మాన్‌గంజ్, ఆడికెల్లి సభ కాడికి పోతమని చెప్పిన్రు."

"ఉస్మాన్‌గంజా? ఎందుకు?"

"ఏమో మరి. వచ్చిన నాలుగో దినమే అడిగిన్రు పెద్దాయన, ఉస్మాన్‌గంజ్ తీస్కపోండి, మావోని ఫిడేలు తెచ్చుకోవాలె అని. మాయన ఒకటే నవ్వుడు. గాడ ఫిడేలు ఎవడు చేస్తడు పంతులుగారూ, మీ కొడుకు గా ఆబిడ్స్ హోటల్ల పెద్ద ఫిడేలు వాయిస్తడు గదా, చూస్తరా, పా అని తోల్కపోయిండు."

"ఎప్పుడండీ? ఎప్పుడు తీసుకెళ్ళారు?"

"పోయిన శనివారం పోయిన్రు. మల్ల మొన్న బేస్తవారం గూడ పోయిన్రు. ఆడోళ్ళు కూసునే అర్రకు తెర ఉంటది సూడు, దాని ఎన్క కూసున్నరంట. ఏంది సారూ, గట్ల చూస్తున్నరు? మీ నాయినకు మీరు చెప్పలేదా? నాకేం ఎరుక?"

"ఏవండీ, కూర్చోండి ముందు. దాన్ని పట్టుకోకండి, ఇద్దరూ కలిసి పడతారు. విద్యావతమ్మగారూ, మావయ్యగారు ఏమన్నారట?"

"ఏమనలేదంట. ఛాయ్ ముట్టలేదంట. ఆడేటోళ్ళ కాళ్ళే చూసుకుంట కూసున్నరంట. రెండోపారి మాయన ఫికర్ పడి ఇంటికి పోదాం పంతులుగారూ అంటే, ఇంకొంచెంసేపు అన్నరంట."

వీధి తలుపు చప్పుడైంది. రాధాకృష్ణమూర్తి గారు చెప్పులు విడిచి, చిన్న పొట్లం కోడలి చేతిలో పెట్టారు.

"ఇదిగో కామాక్షీ. వీడు చెప్పిన కొట్టు ఎంత వెతికినా దొరకలేదు. బెల్లం మాత్రం బాగుంది."

"నాన్నగారూ, నేను..."

"నువ్వు ఆగు. విద్యావతమ్మా, మీరూ ఉండండి. కామాక్షీ, నువ్వు కూడా కూర్చో. ఇది రెండుసార్లు చెప్పే ఓపిక నాకు లేదు."

"తప్పయింది నాన్నగారూ. ఆ ఫిడేలు..."

"పోయింది. తెలుసు. దాని గురించి ఎల్లుండి తిడతాను. తీరిగ్గా తిడతాను. ఇప్పుడు విను. పన్నెండేళ్ళు నీకు పాఠం చెప్పాను. ఒక్కరోజు తాళంలో నిలిచావా? వర్ణం మొదలుపెడితే చివరికి రైలు అందుకునేవాడిలా పరుగు. ఎన్ని బెత్తాలు విరిగాయో నాకే గుర్తు లేదు. మొన్న ఆ హోటల్లో గంటా పది నిమిషాలు తొడ మీద తాళం వేసుకుంటూ కూర్చున్నాను. ఎక్కడ పరుగెత్తుతావో అక్కడ పట్టుకుందామని. ఒక్కచోట దొరకలేదు."

"నాలుగు స్వరాలే కదా నాన్నగారూ."

"నాలుగే. నలభై వాయించేవాళ్ళు నా దగ్గరే ఇరవైమంది ఉన్నారు. ఆ నాలుగింటి మీద గంటసేపు కదలకుండా నిలబడమంటే ఒక్కడూ నిలబడడు. నేనూ నిలబడలేను."

"అదేం మాట మావయ్యగారూ. మీరు నిలబడలేకపోవడమేమిటి?"

"ఈ ఎడమ చేతి ఉంగరపు వేలు చూడమ్మా. వంచితే వంగట్లేదు. ఉగాది నుంచీ ఇంతే. నా కళ్ళకేం లేదు. దీన్ని చూపించుకోడానికే వచ్చాను. బాలకిషన్ గారు దవాఖానకి తీసుకెళ్ళారు. ఇక ఈ వేలు వంగదన్నారు."

"అబద్ధాలు ఈ ఇంట్లో తండ్రి నుంచి కొడుక్కి వచ్చాయన్నమాట."

"వచ్చాయమ్మా. అయితే వీడికంటే నేను కొంచెం నయం. ఉస్మాన్‌గంజ్ అనలేదు."

"అయ్యో, నా మొగడు నాకు గీ ముచ్చట చెప్పనే లేదు పంతులుగారూ."

"నేనే వద్దన్నాను తల్లీ. ఒరేయ్, రేపు నువ్వు పక్కన కూర్చుని వాయిస్తే నా వేలు చెయ్యలేనిది నీ ఫిడేలు కప్పేస్తుందనుకున్నాను. రోజూ ఫిడేలేదిరా అని నిన్ను పీడించింది అందుకు. ఆ దారి పోయింది."

"ఎవరినైనా అడిగి ఒక ఫిడేలు తెస్తాను నాన్నగారూ. పొద్దుటికల్లా తెస్తాను."

"అక్కర్లేదు. సభవాళ్ళకి చెప్పి వచ్చాను. రేపు రెండే కృతులు. రెండూ చౌకంలో, నెమ్మదిగా, మిగిలిన మూడు వేళ్ళకి అందినంత. మృదంగం వద్దన్నాను. నా వెనక ఒక్కడు నిలబడి, నేను ఆగినచోట ఆగి, కదిలినచోట కదిలితే చాలన్నాను. ఆ దుప్పటి తియ్యి. ఇవాళ హోటలుకి వెళ్ళిరా. పొద్దున్నే నా షడ్జానికి దాన్ని శ్రుతి చేద్దాం."

"దీన్నా? సభలోకా? అందరూ నవ్వుతారు నాన్నగారూ."

"నవ్వనీరా. నవ్వడానికి వాళ్ళకి ఆ ఒక్క సాయంత్రమే ఉంది. ఎల్లుండి నుంచి నేను ఫిడేలు ముట్టను."