మగపురుగు వయసు అడిగిన పూట

పంతొమ్మిది వందల ఎనభై తొమ్మిదవ సంవత్సరం జూలై మూడవ తేదీ ఉదయం మన కీటక పరిశోధన కేంద్రంలో సహాయ శాస్త్రవేత్తగా చేరిన ఒక యువతి, హాజరుపట్టీలో సంతకం చేసిన కాసేపటికే మేడమెట్ల కింది పాత సామాన్ల గది తాళంచెవి అడిగారు. ఎవరికీ అక్కరలేని గది కనుక వెంటనే దొరికింది. కిటికీలకు నల్లగుడ్డ బిగించి, ఎర్ర బల్బు వేలాడదీసి, పగటిని రాత్రిగానూ రాత్రిని పగలుగానూ మార్చి, చీకటి పడితే తప్ప జతకట్టని రెక్కల పురుగులను ఆఫీసు వేళలకు అలవాటు చేసిన ఘనత వారిదే. నాటి నుంచి నేటి పదవీ విరమణ దినం వరకు వారు మనందరికీ చీకటి గది మేడమ్‌గారు. అసలు పేరు ఉత్తర్వులలో మాత్రమే కనబడేది.

పండ్లచెట్ల కొమ్మలు తొలిచే పురుగు ఆ రోజులలో రైతులను ముప్పుతిప్పలు పెట్టి మూడు చెరువుల నీళ్లు తాగిస్తూ ఉండేది. ఆడపురుగు వాసనను పోలిన ఎరలను తోట నిండా కడితే, ఏ వాసన వెంట పోవాలో తెలియక మగపురుగులు తికమకపడతాయని, జతకట్టడమే ఆగిపోతుందని పెద్దలు ఆశించారు. ఆగలేదు. సమీక్షా సమావేశంలో ఆ పథకానికి నీళ్లొదులుకోబోతున్న సమయాన చివరి వరుసలోంచి మేడమ్ లేచి, "జత ఆపక్కర్లేదండీ, ఆలస్యం చేస్తే చాలు," అన్నారు. కొందరు నవ్వారు. ఆ నవ్వులో ఈ వ్యాసకర్త గొంతు కూడా ఉంది.

ఆ మాటను రుజువు చేయడానికి వారికి ఇంచుమించు పదేళ్లు పట్టింది. ఈ జాతి తల్లి పురుగుకు రెక్కలు వచ్చాక నోరు పనిచేయదు, తినదు, తాగదు. గొంగళిగా ఉన్నప్పుడు తిని దాచుకున్న బలమే దాని ప్రాణానికీ గుడ్లకూ ఆధారం. త్వరగా జత దొరికినది కడుపునిండా ఉన్న గుడ్లన్నీ పెట్టి పోతుంది. ఎదురుచూడవలసి వచ్చినది ఆ బలాన్ని కరిగించుకుంటుంది, గుడ్లు తగ్గుతాయి, పెట్టినవాటిలోనూ పిల్ల బయటికి రానివి ఎక్కువవుతాయి. మేడమ్ చూపిన తగ్గుదల ఎంతటిదంటే, మందు మానేసి ఎరలు కట్టుకుంటే చాలని రైతులకు పుస్తకం అచ్చువేయిద్దామని పైనుంచి కబురు వచ్చింది. విభాగాధిపతి పదోన్నతి కూడా చేతికందే దూరానికి వచ్చింది. ఇంటర్వ్యూ మరుసటి నెలలోనే.

ఇంతలో ఒక దినపత్రిక ఈ పరిశోధనను నాలుగు వాక్యాలలో వేసింది. ఆ పత్రికను చంకలో పెట్టుకుని, కూతురి పెళ్లి కోసం అప్పటికే కాళ్లరిగేలా తిరిగిన మేడమ్ తల్లిగారు తిన్నగా చీకటి గదిలోకి వచ్చారు.

"చూశావా? జత ఆలస్యమైతే సంతానం తగ్గుతుందట! నేనంటే చాదస్తం అన్నావు. ఇప్పుడు నువ్వే అన్నావు, పేపర్లో కూడా వేశారు."

"అమ్మా, అది పురుగు. దానికి తినడానికి నోరు లేదు. నేను మూడు పూటలా తింటున్నాను."

"నీకు నోరు లేదని ఎవరన్నారే! సరేగానీ, మొన్న ఆ సంబంధం వాళ్లు అమ్మాయికి ఎన్నేళ్లని మూతి విరిచారు. నేనూరుకుంటానా? ముందు మీ అబ్బాయికి ఎన్నేళ్లో చెప్పండన్నాను. దెబ్బకి నోరు మూశారు." ఎర్రటి వెలుగులో పెట్టెల వంక చూస్తూ ఆవిడ ఇంకో మాట అన్నారు. "ఇంతకీ నీ మగపురుగుకి ఎన్నాళ్లు?"

మేడమ్ నవ్వబోయి ఆగిపోయారు. ఒకేనాడు రెక్కలు వచ్చిన ఆడ, మగ పురుగులను విడివిడి పెట్టెలలో ఉంచి, అనుకున్న ఆలస్యం పూర్తయ్యాక కలపడం ఆ గదిలో మొదటినుంచీ ఉన్న పద్ధతి. అంటే ఆలస్యమైన ప్రతి ఆడపురుగుకూ దక్కినది అంతే ముదిరిన మగపురుగు. తగ్గిన గుడ్ల నింద మొత్తం మాత్రం ఆడపురుగు మీదే పడింది. తోటలో అలా జరగదు. అక్కడ ప్రతి సాయంత్రం కొత్త మగపురుగులు పుట్టుకొస్తాయి. ఆలస్యమైన ఆడపురుగుకు పడుచు మగపురుగు దొరకవచ్చు, గుడ్లు అంతగా తగ్గకపోవచ్చు. పుస్తకాన్ని నమ్మి మందు మానుకున్న రైతు నిలువునా మునుగుతాడు.

ఆ మధ్యాహ్నమే వారు సంచాలకుల గదికి వెళ్లి, పుస్తకం ఆపమని కోరారు.

"ఫలితం తలకిందులవుతుందంటారా?"

"తెలీదండీ. తెలీకుండా రైతుకి చెప్పలేను."

"ఇంటర్వ్యూ అయ్యేదాకా ఆగి చెప్పొచ్చుగా, అమ్మా?"

"ఆలస్యం చేస్తే ఏమవుతుందో ఇన్నేళ్లుగా చూస్తూనే ఉన్నాను కదండీ."

బయటికి వచ్చాక ఇంటికి నడుస్తూ దారంతా ఏడ్చానని వారు చాలా కాలానికి ఒకసారి చెప్పారు. ఆ ఏడు ఆ పదోన్నతి ఈ నాలుగు మాటలు రాస్తున్న వ్యక్తికి దక్కింది. మేడమ్ మాత్రం ముదురు ఆడపురుగులకు పడుచు మగపురుగులను, పడుచు ఆడపురుగులకు ముదురు మగపురుగులను జతచేసి పని మళ్లీ మొదటికి తెచ్చుకున్నారు. తేలినదేమంటే, తగ్గుదలలో పెద్ద పాలు ఆడపురుగు ఎదురుచూపుదే, కానీ మొత్తం కాదు. మగపురుగు ఆలస్యానికీ అందులో వాటా ఉంది. ఎరలతో పాటు తొలి విడత మందు తప్పనిసరి అని సవరించిన పుస్తకం రైతులకు ఆలస్యంగా అందింది. అందులోని ఒక్క మాటను కూడా ఇంతవరకు దిద్దవలసిన అవసరం రాలేదు.

పదోన్నతి వారికి ఏళ్ల తరువాత వచ్చింది. వివాహం తమకు నచ్చిన మనిషితో, నచ్చినప్పుడు జరిగింది. కుమార్తె ఇప్పుడు న్యాయశాస్త్రం చదువుతున్నారు. పురుగుల సంగతి మనుషులకు అంటగట్టరాదని మేడమ్ పట్టుదల కనుక, ఈ విషయాన్ని ఇక్కడ దేనికీ రుజువుగా చెప్పడం లేదు.

నిన్న ఆహ్వానపత్రం ఇవ్వడానికి వెళితే, కూతురి ప్రతి పనీ ఆలస్యమేనని జీవితమంతా దిగులుపడిన ఆ తల్లిగారు కళ్లద్దాలు సర్దుకుని చదివి, "రిటైర్‌మెంటా? అప్పుడేనా?" అన్నారు. మా అందరి మాటా అదే. ఇన్నేళ్లూ పురుగుల కోసం చీకటి చేసుకున్న పగళ్లన్నీ వారికి ఎండతో సహా తిరిగి దక్కాలని, తల్లిగారి ప్రశ్నలకు జవాబు చెబుతూ ఆయురారోగ్యాలతో నిండుగా నూరేళ్లు ఉండాలని మనసారా కోరుకుంటున్నాము. చీకటి గది కిటికీలకు కట్టిన నల్లగుడ్డను మాత్రం మేము తీయము.