షోకేసుల బల్లి

రాయచూరులో ఒక ఇంటి హాలు, మే నెల పొద్దున. గోడకు నిలువెత్తు షోకేసు. దాని ముందు కరెంటు ప్లాంటులో ఆపరేటరుగా చేసి రిటైరైన కుమారస్వామి, సైన్సు టీచరుగా రిటైరైన ఆయన భార్య సౌభాగ్య, ఒకప్పుడు ఆ షోకేసు చేసిన వడ్రంగి ఈరన్న.

"బల్లికా?"

"బల్లికే ఈరన్నా. ఎన్నిసార్లడుగుతవ్?"

"సమజైతలేదు టీచరమ్మా. బల్లులు లోపలికి రావద్దని కిటికీలకు జాలి కొట్టిచ్చుకుంటరు అందరు. బల్లి బయటికి పోవద్దని జాలి కొట్టమన్నది మీరే మొదలు."

"అది మన గోడ మీది బల్లి అనుకున్నవా ఈరన్నా? బెంగుళూరు నుంచి రైల్ల వచ్చింది. సౌభాగ్య చెల్లెలు పావని ఒళ్లె పెట్టుకుని తెచ్చింది. నేను పోతే నాకు సీటు దొరకది."

"మిమ్మల్ని ఒళ్లె పెట్టుకునేటోళ్లు ఎవరుండ్రు?"

"ఇన్నవా? గిట్ల మాట్లాడ్తది. రిటైరైనప్పటి సంది గిట్లనే."

"అంతకుముందు బడిల మాట్లాడి మాట్లాడి ఇంటికొచ్చేటప్పటికి గొంతు ఉండకపోయేది. ఇప్పుడు గొంతు ఖాళీగున్నది."

"ఏడున్నది టీచరమ్మా అది? జరా చూపియ్యిండ్రి."

"ఆ డబ్బల చూడు. మెల్లగ. మూత సగమే తియ్యి."

"అబ్బ. కండ్ల మీద ముండ్లున్నయి."

"రెప్పల లెక్క ఉంటయి. కుట్టవు."

"నాలికె తీసి కండ్లు నాక్కుంటున్నది సార్."

"నాక్కుంటది. నాకు పొద్దుగాల చాయ్ తాగేటప్పుడు ఎదురుంగ కూసుని నాక్కుంటది. ఇగ వినుమల్ల, దానికి ఫారెస్టోళ్ల దగ్గర కాయిదాలు గూడ ఉన్నయి. రేషను కార్డుల నా పేరు తప్పు పడి మూడేండ్లాయె, దిద్దినోడు లేడు. దీని పేరు వారంల ఎక్కింది."

"ఒకరి పేరు తప్పు పడ్తే ఎట్లుంటదో మీకు గూడ తెల్వనీయిండ్రి."

"ఇప్పుడు ఆ మాట ఎందుకు?"

"ఊరికెనే అన్న."

"సరే, ఇంగ ఏసీ సంగతి విను ఈరన్నా. నలబై మూడు డిగ్రీలల్ల నేను కూలరు ముందల పంట. దీనికి ఏసీ."

"ఇరవై ఎనిమిది దాటితే అది బతకదండ్రి."

"నేను బతుకుతనా?"

"బతుకుతనే ఉన్నరు గద ఇన్నేండ్లు. అలవాటైంది."

"పోనీయిండ్రి సార్. టీచరమ్మా, పని చెప్పుండ్రి. నాకు మధ్యాన్నం ఇంకోకాడ తలుపు పనున్నది."

"ఆఁ. అడుగున సిలికాను పూసి నీళ్లు దిగకుంట చెయ్యి. దాని మీద కంకర నేను పోసుకుంట, కంకర మీద జాలి, జాలి మీద మట్టి, మట్టిల చెట్లు. మనీ ప్లాంటు, నాచు అన్నీ తెచ్చి పెరట్ల పెట్టిన. గాలికి కింద ముందలి పలకకు వరసగ తొర్రలు పొడువు, పైన పలక కోసి జాలి కొట్టు. తలుపు అద్దాలు అవే ఉండనీ. అరలు అన్ని తియ్యాలె."

"అన్నీనా?"

"అన్నీనండ్రి. అది నిలువుగ పాకే జీవి. చెట్లు పైదాంక పోవాలె."

"నడుమది ఉంచు."

"నడుమదే ముందుగాల పోవాలె. నడుమ అర ఉంటే కిందకు ఎలుగు దిగదు."

"ఈరన్నా, నువ్వు చెప్పు. నడుమ అర తీస్తే షోకేసు నిలవడ్తదా? కూలదా?"

"కూలదు సార్. నేను చేసింది."

"నిన్ను అడిగిన చూడు."

"సార్ పందెంల వచ్చిన ఆ కప్పు గురించి ఫికర్ చేస్తున్నరు టీచరమ్మా. నాకు తెల్సు. ఆ అర నేను కప్పు కొల్త తీసి చేసిన. పద్దెనిమిది ఇంచులు. మూత తల్గొద్దని ఇంకో ఇంచు ఇడిసిన. మూడుసార్లు కొలిపిచ్చిన్రు సార్."

"మల్ల? చెప్పు ఆమెకు."

"నాకెందుకు చెప్పుడు? ఈ షోకేసుల ఉన్న ప్రతి వస్తువుకు దుమ్ము దులిపింది నేను. ప్లాస్టికు ద్రాక్షగుత్తి దులిపిన. తాజ్‌మహల్ దులిపిన. ఒక్కనాడు చాయ్ పొయ్యని చాయ్ కప్పులు కడిగి తుడిసి మల్ల పెట్టిన. ముప్పై ఏండ్లు బడిల సీసాలల్ల చచ్చిన బల్లులను పిల్లలకు చూపిచ్చిన ఈరన్నా. వాసనకు కండ్లెంట నీళ్లు కారుతుండె. ఒక్కటన్న బతికుండంగ, చెట్టెక్కంగ చూడాలెనని ఉన్నది నాకు. అది తప్పా?"

"తప్పేమున్నది టీచరమ్మా."

"తప్పని నేను గూడ అనలేదు. బల్లిని పెట్టుకో. రొండు పెట్టుకో. కని నా కప్పు నా కప్పు కాడ ఉండాలె. ఇంటికొచ్చినోడు చెప్పులిడిసి తల ఎత్తంగనే దాన్నే చూస్తడు. ముప్పై నాలుగేండ్లు ప్లాంటుల రాత్రి పగలు మీటర్లు చూసిన. ఒక్కడన్న చప్పట్లు కొట్టిండా? ఆ కప్పొక్కటే ఉన్నది నాకు. దాన్ని అట్టపెట్టెల ద్రాక్షగుత్తి పక్కన పెడ్తా అంటే నేనొప్ప."

"మంచానికి తలాపున పెట్టుకోండ్రి మరి."

"అక్కడ ఎవరు చూస్తరు?"

"అదీ ముచ్చట."

"సార్ ఉరికిన పందెం గురించి నేను మస్తుమందికి చెప్పిన టీచరమ్మా. మా అల్లునికి గూడ చెప్పిన. నాలుగు రౌండ్లు గద సార్?"

"నాలుగు. కాలనీ గ్రౌండు. నవంబరుల కన్నడ రాజ్యోత్సవం దినాన ఆటలు పెడ్తుండిరి. పంతొమ్మిది మంది. మూడో రౌండు దాంక నేను ఆరో జాగల ఉన్న."

"ఎనిమిది."

"ఏంది?"

"ఎనిమిదో జాగ. ముందల మహాదేవి ఉండె. స్టోర్సుల చేస్తుండెనే రామప్ప, ఆయన ఇంటామె. మస్తు ఉరుకుతుండె."

"ఆడోళ్లు గూడ ఉరికిన్రా సార్?"

"అది... చిన్న కాలనీ గద. అందరు కలిసి ఉరికిన్రు."

"హౌదా, నిజమా?"

"అవ్ ఈరన్నా, మస్తు కలిసిమెలిసి ఉంటుంటిమి."

"నువ్వు నడుమ మాట్లాడకు. ఆఖరి రౌండుల, ఈరన్నా, మలుపు కాడ కాలి బూటు ఊడిపోయింది. ఆగలే. అట్లనే ఉరికిన."

"నాకు కాలి చెప్పు ఊడిందన్నరు సార్ అప్పుడు."

"చెప్పు అన్ననా?"

"మనిషిని బట్టి ఉంటదిలే ఈరన్నా. బ్యాంకు మేనేజరుకు బూటు. నీకు చెప్పు. కాలి నుంచి ఏదో ఊడింది మాత్రం నిజం. అది నేను గూడ ఒప్పుకుంట."

"మల్ల? ఆమే ఒప్పుకుంటున్నది చూడు."

"సరే సార్. కప్పు దించుతున్న. ఎక్కడ పెట్టేది మీరిద్దరు నిదానంగ చూస్కోండ్రి."

"మెల్లగ. చెవులు పట్టకు, కింద పట్టు."

"మస్తు బరువున్నది. పేరు ఇంగ గట్టిగనే ఉన్నది సార్, అరగలే. ఉరుకుడు పందెం, మొదటి బహుమానం, కె. కుమారస్వామి. కన్నడంల ఎంత మంచిగ చెక్కిండు."

"బయట మరక లేకుంట నేను తుడిసిన గద. రోజు."

"నువ్వు తుడిసినవ్, నేను కాదన్ననా?"

"లోపల ఏందో కదుల్తున్నది సార్."

"ఏముంటది? ఏదన్న మేకు ఉంటది. అట్లనే పెట్టు కింద."

"మూత తియ్యి ఈరన్నా. మా సారు ఇరవై ఏడేండ్లల్ల ఒక్కనాడు తియ్యలే."

"ఇప్పుడు అవసరమా? సౌభాగ్యా, అతనికి మధ్యాన్నం ఇంకోకాడ తలుపున్నది అంటున్నడు గద. బల్లి సంగతి చూడు ముందు. ఏం కావాలె దానికి ఇంకా?"

"దాక్కునే జాగ కావాలె. పగలంత చీకట్ల పంటది. టెంకాయ చిప్ప బోర్లేస్త అనుకున్న."

"ఆఁ, చిప్ప మంచిగుంటది. చిప్ప సాలు. నా వస్తువులు ఒక్కటి గూడ లోపల పెట్టొద్దు అంతే. నడుమ అర తియ్యి ఈరన్నా, సరే, ఒప్పుకున్న. కప్పు టీవీ మీద పెడ్త."

"టీచరమ్మా."

"చెప్పు."

"ఇది మట్టె."

"మేకు అన్న గద."

"మేకు గాదు సార్. కాలి ఏలికి పెట్టుకునే మట్టె. వెండిది. తెగున్నది."

"ఎవరిదో ఉంటది. ఇల్లు మారినప్పుడు పడ్డదేమో. నువ్వు రంపం తియ్యి."

"సార్, మీరు మట్టెలు పెట్టుకుని ఉరికిన్రా?"

"ఈరన్నా."

"లే సార్, కాలి నుంచి ఊడిందన్నరు గద. అందుకడిగిన."

"చెప్పుండ్రి ఆయనకు. చాయ్ పెట్టుకొస్త నేను, నడుమ మాట్లాడ."

"నిలవడు. నిలవడు సౌభాగ్యా. ఏం చెప్పాలె? క్లబ్బుల అట్లనే రాస్తుండిరి ఈరన్నా. ఉద్యోగం ఉన్నోని పేరే రాస్తుండిరి, ఇంటోళ్లు ఎవరు గెలిచినా. కోటర్సు నా పేరు మీద, గ్యాసు నా పేరు మీద, బస్సు పాసు నా పేరు మీద. కప్పు గూడ అట్లనే. నేనేం చెక్కమన్ననా?"

"మీరు చెక్కమన్నరని నేను ఎన్నడన్న అన్ననా? క్లబ్బు రైటరు చెక్కిచ్చిండు. మైకుల మీ పేరు పిలిచిండు. నేను స్టేజి కింద నిలవడి ఉన్న, ఎక్కాల్నా వద్దా అని. మీరు ఎక్కిన్రు. చెయ్యి చాపిన్రు."

"నువ్వు చీర ఎగ్గట్టుకుని ఉంటివి. కాలు నెత్తురు కారుతుండె. అందరి ముందల ఎట్ల ఎక్కుతవని నేను ఎక్కిన."

"మంచిది. ఎక్కిన్రు. ఇంటికొస్తే మీ అమ్మ ఉండె. తెగిన మట్టె చూస్తే మీ పానం మీదికి తెచ్చినవ్ అనేది. అందుకని దాంట్లేసి మూత పెట్టిన. నెల దినాలకు రామాబాయి అత్తోళ్లు వచ్చిన్రు, యాదున్నదా? ఎవరు గెలిచిన్రు కుమారా అని అడిగిన్రు. నేను వంటింట్ల పొయ్యి కాడ నిలవడి ఇన్న, ఇప్పుడు చెప్తరు అని. మీరు నవ్విన్రు. అంతే, ఏమనలే. మస్తు బాధైంది నాకు ఆ దినం. రెండోసారి ఎవరో అడిగేటప్పటికి నాలుగు రౌండ్లు మీరే ఉరికిన్రు."

"ఇన్నేండ్లు ఒక్కమాట అనకపోతివి."

"మీరు ఉరుకుతనే ఉంటిరి. ఎన్నడు ఆగితే చెప్పాలె?"

"టీచరమ్మా, నా అల్లునికి నేను ఇప్పుడు ఏమని చెప్పాలె?"

"నీ అల్లుని సంగతి నువ్వు చూస్కో ఈరన్నా. సౌభాగ్యా, ఇగ ఇప్పుడేం చెయ్యమంటవ్? తీసుకపోయి కాలువల పారెయ్యాల్నా దీన్ని?"

"పారేసుడెందుకు? అంత బరువైన వస్తువు. ఆ మట్టె ఇటియ్యి ఈరన్నా. కప్పును మట్టిల అడ్డం పండవెట్టు, పేరు అద్దం దిక్కు కనవడేటట్టు. టెంకాయ చిప్ప వద్దు. దాక్కోనికి దీనంత మంచి జాగ బల్లికి ఇంకోటి దొరకది, ఇరవై ఏడేండ్లు మా సారు దాంట్లనే దాక్కున్నరు, ఎవ్వరికి కానరాలే."